పరదాలక్కకు రెండు భయాలు

ఎవరింటికి వెళ్లినా ఆమె ముందు కిటికీలనే చూసేది. మనుషుల మొహాలు ఆ తరువాత. ఇంటివాళ్లు కొలతలు రాసిపెట్టిన కాగితం చేతికిస్తే, "బాగానే రాశారండీ, మీ దగ్గరే ఉంచుకోండి" అని నవ్వి, మెడలో వేలాడే టేపు తీసి మళ్లీ తానే కొలిచేది. పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి. ఏ కిటికీ కూడా పైనా కిందా ఒకే వెడల్పు ఉండదని ఆమె నమ్మకం. మేస్త్రీలంతా తన మీద కక్షకట్టే గోడలు లేపుతారని అనేది. పెళ్లికి ముందు నుంచీ పరదాలు తప్ప మరొకటి కుట్టి ఎరగదు. అందుకే ఆ చుట్టుపక్కల అందరికీ ఆమె పరదాలక్క. ఆమెకంటే పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు. కోపం వస్తే కట్టుకున్నవాడూ అలాగే పిలిచేవాడు.

చేతుల మీద ఎప్పుడూ నీలం మచ్చలుండేవి. కొత్తగా పని ఇచ్చినవాళ్లు ఆ మచ్చల వంక చూసి, చూడనట్టు మొహం తిప్పుకునేవారు. కాస్త చనువున్నవాళ్లు అడిగేసేవారు.

"ఏంటక్కా ఆ చేతులు? మీ ఆయన గానీ..."

"ఆయనా? బొద్దింకను కొట్టాలన్నా నన్నే కేకేస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు మీ తలుపు గొళ్లెమే కొట్టింది నన్ను."

భర్త కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టే పనివాడు. చీమకైనా అపకారం తలపెట్టని మనిషి. వీధిలో తన పరువు భార్య మోచేతుల మీద ఆధారపడి ఉందని వాపోయేవాడు. "నిండు చేతుల జాకెట్టు తొడుక్కోవే తల్లీ, నన్ను లోపల వేయించేదాకా ఊరుకోవా?" అనేవాడు.

ఆ మచ్చలకు కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది. రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు ఆమె ఒంట్లో ఉండాల్సినన్ని లేవు. ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలే దారితప్పి, సొంత కణాలను పరాయివనుకుని పీకనొక్కుతున్నాయని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. అంతవరకూ పరదాలక్కకు బాగానే అర్థమైంది. అలాంటి చుట్టాలు ఎవరింట్లో లేరు! మాత్రలిచ్చారు. మొహం బూరెలా పొంగింది. మచ్చలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. దానికి ఆమె అలవాటు పడిపోయింది.

మరుసటి ఏడు ఎడమ పిక్క వాచి, ఎర్రబడి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వచ్చింది. లోపల నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు.

"అదెలాగమ్మా?" అంది పరదాలక్క, పరీక్షబల్ల మీద కాలు చాపుకుని కూర్చుని. "రక్తాన్ని ఆపేవి లేవని మీరే అంటిరి. ఇప్పుడు గడ్డకట్టిందంటున్నారు. కుళాయిలో చుక్క నీళ్లు రావు, ఇల్లంతా వరద అన్నట్టుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "రెండూ నిజమేనమ్మా. మీ ఒంట్లో రెండు పొరపాట్లు కలిసి నడుస్తున్నాయి. ఒకరకం యాంటీబాడీలు కణాలను తగ్గిస్తున్నాయి. ఇంకోరకం యాంటీబాడీలు రక్తాన్ని అక్కర్లేనిచోట గడ్డకట్టమని రెచ్చగొడుతున్నాయి. కణాలు తక్కువున్నాయి కదా, ఇక గడ్డకట్టదులే అనుకోవడానికి లేదు. రెండూ ఉన్నవాళ్లు మోసపోయేది అక్కడే."

"అయితే నన్ను దేనికి భయపడమంటారు? రక్తం పోతుందనా, గడ్డకడుతుందనా?"

"భయపడే పని నాకు వదిలేయండి. మీరు మాత్ర వేసుకోండి, చెప్పిన రోజున పరీక్షకు రండి, కుదురుగా కూర్చోకుండా నడవండి."

రక్తం పలచబడే మాత్ర అది. రోజూ సాయంత్రం వేసుకోవాలి. రాసిస్తూ డాక్టరమ్మ, ఇంట్లో ఇలాంటి జబ్బు ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది.

"మా అక్కకండీ. ఒళ్లంతా ఇవే మచ్చలు. లోపల రక్తం పోయి చచ్చిపోయింది."

"లోపలంటే ఎక్కడ?"

"లోపలేనండీ," అంది పరదాలక్క. ఇంట్లో అందరూ చెప్పుకునే మాట అదే. బయట వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

పరదాల పని అసలు అక్కది. మెషినూ అక్కదే. అక్క కూతురు, అప్పటికి మాటలు నేర్చుకుంటున్న పసిపిల్ల, ఆ మెషిను కిందే ఆడుకునేది. అక్క ఒంటిమీద మచ్చలు మొదలైనప్పుడు చూసిన డాక్టరు ఎవరో, కణాలు తగ్గాయి, దెబ్బ తగలనివ్వకండి, రక్తం ఆగదు అన్నాడు. ఆ ఒక్కమాటను ఇల్లంతా పట్టుకుంది. కత్తెరలు అటకెక్కాయి. బల్లల అంచులకు పాతగుడ్డలు చుట్టారు. మెషిను మీద దుప్పటి కప్పేశారు. మంచం దిగితే ఎక్కడ తగిలించుకుంటుందోనని అక్కను మంచం మీదే ఉంచారు. అమ్మ కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. నెల తిరిగేసరికి ఒక మధ్యాహ్నం, అందరూ ఇంట్లో ఉండగానే, అక్క లేచి కూర్చుని గుండె పట్టుకుంది. రెండు చేతులా గాలిని లాక్కోబోయి, లాక్కోలేక ప్రాణం విడిచింది.

ఆ పసిపిల్లను పరదాలక్కే పెంచింది. ఆమెకు కడుపు పండలేదు. రెండుసార్లు నెల తప్పింది గానీ కడుపు నిలవలేదు. ఇప్పుడా పిల్ల ఒక బట్టలకొట్టులో లెక్కలు చూస్తుంది. సెలవురోజున పిన్నితో పాటు కొలతలకు వస్తుంది.

పరదా కింది అంచును వెంటనే మడిచి కుట్టకూడదు. పైభాగం కుట్టాక ఒకరోజు వేలాడదీస్తే గుడ్డ తన బరువుకు తానే సాగి దిగుతుంది. అప్పుడు నేల చూసుకుని అంచు కుట్టాలి. అందుకని ఆ గదిలో ఎప్పుడూ ఎవరివో ఒకరివి పరదాలు గోడవారన తీగకు వేలాడుతూ ఉండేవి. మధ్యాహ్నం ఎండ గుడ్డల్లోంచి దిగేవేళ, ఆమె మెషిను దగ్గర కూర్చుని తల తిప్పితే, ఒక్కోసారి వేలాడే గుడ్డ కింద రెండు పాదాలు కనిపించేవి. ఎండ తగలక, మంచం మీదే ఉండి పాలిపోయిన పాదాలు. ఆమె కెవ్వుమనేది కాదు. తల తిప్పుకుని కుట్టు కొనసాగించేది. ఎవరికైనా చెబితే వాళ్లు ఆ పాదాలను పోగొట్టడానికి చూస్తారని ఆమెకు తెలుసు. పోవాలని ఆమెకు ఉందో లేదో ఆమెకే తెలియదు.

పిక్క వాపు తగ్గి ఇంటికి వచ్చినప్పుడు భర్త మెషినుకు మోటారు బిగించి పెట్టాడు. "ఇక కాలితో తొక్కక్కర్లేదు. మహారాణిలా కూర్చో," అన్నాడు. అప్పటినుంచి ఇంకో వింత మొదలైంది. మోటారు ఆపాక కూడా కింద తొక్కుడుపలక కదులుతున్న చప్పుడు వినిపించేది, నూనె లేని కీలు మూలిగినట్టు. పట్టీ తీసేసిన పలక కదలదు. ఆమె వంగి చూసేది. కదలడం లేదు. లేచి నిలబడేసరికి మళ్లీ.

అక్క ఎందుకు వస్తోందో పరదాలక్క తనకు తానే చెప్పుకుంది. మాత్ర గురించి. నీలం మచ్చలున్న మనిషికి రక్తం పలచబడే మాత్ర ఏమిటని అక్క అడుగుతోంది.

ఆమె చేసిన పొరపాటు ఆమె పనిలోంచే పుట్టింది. కొత్తగుడ్డ తేగానే ఒక మూల తడిపి తెల్లగుడ్డకు రుద్ది చూడటం ఆమె అలవాటు. రంగు అంటితే ఆ గుడ్డను లేతరంగు లైనింగుతో కలపదు. కొట్టువాడు ఒట్టేసి చెప్పినా తన కళ్లతో చూసిందే నమ్ముతుంది. ఒక సాయంత్రం మాత్ర చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు, మోచేతి మీద కొత్త మచ్చ కనిపించింది. సూది తీసి వేలికొసను పొడుచుకుంది. తెల్ల లైనింగు ముక్క మీద అద్దింది. మరక చొక్కాగుండీ అంత ఉంటే మాత్ర వేసుకుంది. మరోరోజు మరక ఇంకా పాకితే వేసుకోలేదు. రంగు దిగే గుడ్డను ఇంకా నీళ్లలో ముంచుతారా ఎవరైనా?

అది రోజూ చేసే పనైపోయింది. వారంలో సగం రోజులు మాత్ర డబ్బాలోనే ఉండిపోయేది. మాత్ర మానిన సాయంత్రాలు తొక్కుడుపలక చప్పుడు చేసేది కాదని ఆమెకు అనిపించింది. అక్క శాంతించిందనుకుంది. రక్తపరీక్ష రోజు దాటిపోయింది. పండగలకు ముందర పని ఎక్కువ, వచ్చేవారం వెళ్దామని భర్తతో అంది. ఆయన సరేనన్నాడు. మచ్చలు తగ్గాయి కదా అని ఆయన సంబరం ఆయనది.

సెలవురోజున పిల్లతో కలిసి ఒక అపార్టుమెంటుకు కొలతలకు వెళ్లింది. పెద్ద హాలు, గోడ పొడవునా కిటికీ. ఇంటావిడ వంటగదిలో ఉంది. పిల్ల టేపు రెండోకొస పట్టుకుంది.

"ఎంత పిన్నీ?"

"దువ్వెన," అంది పరదాలక్క.

"ఏంటి?"

"దువ్వెన. రాసుకోవే, దువ్వెన మీద... పళ్లెం." తాను అంకె చెప్పాననే ఆమె అనుకుంది. పిల్ల ఎందుకలా చూస్తోందో తెలియక కోపం వచ్చింది. టేపు చేతిలోంచి జారి పడింది. వంగి తీయబోతే కుడిచెయ్యి తనది కానట్టు పక్కన వేలాడుతోంది. కిటికీ అద్దంలో తన మూతి ఒకవైపుకు దిగి ఉండటం చూసింది. కొలత తప్పిన పరదాలా ఉందనుకుంది. ఆ మాట పైకి అనబోతే మాట రాలేదు.

పిల్ల కేకలకు ఇంటావిడ పరుగెత్తుకు వచ్చింది. కారు తీయించింది. దారిలో ఎక్కడో వేళ్లలోకి చీమలు పాకినట్టు ప్రాణం తిరిగి వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి, "నా టేపు అక్కడే మరిచిపోయాను," అంది, మాట ముద్దగానే అయినా మాటలానే. పిల్ల ఆమె చెయ్యి విడవకుండా భోరుమంది.

తలను స్కాను తీశారు. రక్తం తీశారు. భర్త గ్రీజు చేతులతోనే వచ్చి, తుడుచుకోవడానికి గుడ్డ దొరక్క చొక్కాకే తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మెదడుకు వెళ్లే దారిలో చిన్న గడ్డ అడ్డుపడి, దానంతటదే కరిగిపోయింది. ఈసారికి వదిలిపెట్టింది. పలచదనం పరీక్ష చూస్తే మీరు మాత్ర వేసుకుంటున్నట్టు లేదే?"

పరదాలక్క దుప్పటి అంచును వేళ్లతో మడవసాగింది.

"రోజూ వేసుకుంటుందండీ, నా కళ్లముందే డబ్బా తీస్తుంది," అన్నాడు భర్త.

"డబ్బా తీస్తాను," అంది పరదాలక్క. ఆ తరువాత సూది సంగతి, తెల్లగుడ్డ సంగతి, గుండీ అంత మరక సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే చిన్నపిల్లల ఆటలా వినిపించింది.

డాక్టరమ్మ మొహంలో మొదట కోపం వచ్చింది, తరువాత పోయింది. "ఆ గుడ్డ మీకు అబద్ధం చెప్పలేదమ్మా. సగమే చెప్పింది. వేలు పొడిస్తే రక్తం కారుతుందని చెప్పింది. అదే రక్తం కాలిలోనో తలలోనో గడ్డకడుతుందని చెప్పదు. సూదికి అది కనిపించదు."

"మా అక్కలా నేనూ లోపల రక్తం పోయి..."

"ఆరోజు కూడా అదే అన్నారు. ఆ రోజే నేను కూర్చుని అడగాల్సింది. ఇప్పుడు చెప్పండి. నోట్లోంచి రక్తం వచ్చిందా? మలంలో, మూత్రంలో? కడుపు ఉబ్బిందా?"

"లేదండీ."

"మరి?"

"గుండె పట్టుకుంది. ఊపిరి అందలేదు. అంతే."

"అంతకుముందు? కాళ్లు ఎలా ఉండేవి?"

పరదాలక్కకు అప్పుడు గుర్తొచ్చింది. పోయే ముందు వారం అక్క మంచం మీంచి తన పైజమా విప్పి విసిరింది. "ఒసేయ్, ఎడమకాలు బిగుస్తోందే, కాస్త విప్పి పెట్టు." "ఎడమకాలేనా? మంచమెక్కి తిని కూర్చుంటే ఒంటికాలే లావెక్కుతుందా నీకు? కుడికాలికి తిండి పెట్టడం లేదా?" అని తను. అక్క కడుపుబ్బా నవ్వింది. తను టేపుతో ఆ కాలు కొలిచి, ఎడమకాలి కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డంతా బయటికి లాగి, చేత్తోనే మళ్లీ కుట్టి ఇచ్చింది. ఒక్క ఎడమకాలికే. కుట్టు వరసగా రావాలని ఎంతో జాగ్రత్త పడింది కూడా.

అది చెప్పింది.

"ఆమెను నేను చూడలేదు, కాబట్టి ఖాయంగా చెప్పలేను," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "కానీ మీరు చెప్పినదాన్ని బట్టి, ఆమె రక్తం పోయి చనిపోయినట్టు లేదు. కాలిలో గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు వెళ్లి ఉండాలి. మంచం మీదే ఉంచడం ఇంకా చేటు చేసి ఉంటుంది. మీకున్న రెండూ బహుశా ఆమెకూ ఉండేవి. అప్పట్లో ఒకటే కనిపించింది."

పిల్ల గోడకు ఆనుకుని వింటోంది. అది వాళ్లమ్మ సంగతి. ఆ మాట అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు.

ఇంటికి తెచ్చాక రెండురోజులు పిల్ల పొద్దున్నే కొట్టుకు వెళ్లి, చీకటిపడ్డాకే వచ్చింది. మూడోరోజు పరదాలక్క అంచు మడుస్తుంటే వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎవరూ కావాలని చేయలేదని నాకు తెలుసు పిన్నీ. అమ్మమ్మా, నువ్వూ, అందరూ కాపలా కాశారు. వాకిట్లో కూర్చుని కాశారు. చావేమో పెరటి తలుపు తీసుకుని వచ్చింది."

"నా చేతుల్లోనే ఉందే ఆ కాలు. కొలిచాను కూడా."

"అవును. కొలిచావు. అందుకే చెబుతున్నా, ఇంకోసారి నువ్వు కొలవకు. నీ ఒంటిని నువ్వు కొలవకు. రక్తం కారినా, కాలు వాచినా ఫోన్ చెయ్యి. డాక్టరమ్మ వేసుకోమంటే వేసుకో, మానమంటే మాను. ఒకమ్మ పోయినప్పుడు నాకు ఊహ లేదు. ఇప్పుడుంది. రెండోసారి నావల్ల కాదు."

పరదాలక్క తల ఊపింది. కాలు కదులుతూ ఉండాలన్న డాక్టరమ్మ ఆజ్ఞ ప్రకారం భర్త మెషిను మోటారు విప్పేశాడు. "ఈ ఇంట్లో నా విద్యకు విలువ లేదు," అని గొణుగుతూ తొక్కుడుపలకకు పట్టీ తగిలించాడు. గంట గంటకూ లేచి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలని మరో ఆజ్ఞ. పరీక్షలకు వేళ తప్పకుండా వెళ్లింది. సాయంత్రం మాత్ర పిల్ల చూస్తుండగా మింగింది.

పాదాలు కనిపించడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఒక పాదమే చూసేది, ఎడమది. గుడ్డ కింద, మడమ దాకా ఉబ్బి, మెరుస్తూ. ఇన్నాళ్లూ అక్క మాత్ర వద్దని చెప్పడానికి వస్తోందనుకుంది. అక్క ఏమీ చెప్పడం లేదు. కాలు చూపిస్తోంది, అంతే. ఏళ్ల తరబడి చూపిస్తూనే ఉంది. ఆ ఊహ వచ్చిన రోజు ఆమె సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే ముక్కులోంచి రక్తం వచ్చింది. సింకు అంతా ఎర్రబడింది. తలవంచి, ముక్కు నొక్కి పట్టుకుని నిలబడింది. కాస్త ఆగింది, మళ్లీ కారింది. చేతుల మీద చూస్తే సన్నని ఎర్రచుక్కలు, ఎవరో బ్రష్షుతో చిలకరించినట్టు. భర్త వచ్చి చూసి బిక్కచచ్చిపోయాడు.

"వద్దే. ఆ మాయదారి మాత్ర ఇక వద్దు. పిల్లకు నేను చెప్పుకుంటాను. చూడు, ఎలా కారుతోందో! తగ్గేదాకా ఓ నాలుగురోజులు మానెయ్. నాలుగు రోజుల్లో కొంపేమీ మునగదు."

ఆమెకూ అదే అనిపించింది. కళ్లముందు కారే రక్తాన్ని నమ్మకుండా ఎక్కడో కనబడని గడ్డను నమ్మడం ఎంత కష్టమో ఆ సింకు ముందు తెలిసింది. ఎరుపు కంటికి కనిపిస్తుంది. గడ్డకు రంగు లేదు, చప్పుడు లేదు. నాలుగు రోజులు మానేయొచ్చు. ఎవరూ తప్పుపట్టరు.

గది తలుపు తీసే ఉంది. లోపల పరదాలు కదలకుండా వేలాడుతున్నాయి. ఆమె అటు చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసు.

"ఫోను ఇలా ఇవ్వండి," అంది.

డాక్టరమ్మ వెంటనే రమ్మంది. పిల్ల కొట్టుకు సెలవు పెట్టి వచ్చింది. రక్తం తీశారు. వరండాలో బల్ల మీద కూర్చుని, ముక్కులో దూది పెట్టుకుని, ఒకవైపు భర్త, ఒకవైపు పిల్ల ఉండగా కాచుకుంది. కణాలు బాగా పడిపోయాయన్నారు. ఒంట్లో పొరపాటును అణిచే మందు పెంచారు.

"మరి పలచబడే మాత్ర?" అన్నాడు భర్త, ఆశగా.

"పూర్తిగా మానితే తలలోకో ఊపిరితిత్తుల్లోకో వెళ్తుంది. మొత్తం వేస్తే రక్తం ఆగదు. ఈ వారం సగం వేసుకోండి. మూడోరోజు రక్తపరీక్షకు రండి, చూసి మళ్లీ చెబుతాను. తలనొప్పి వచ్చినా, మలం నల్లగా ఉన్నా ఆగకుండా రండి." డాక్టరమ్మ ఒక్కక్షణం ఆగింది. "ఇది సన్నటి దారేనమ్మా. నాకూ భయమే. కానీ ఇద్దరం కలిసి చూసుకుంటూ నడవచ్చు."

సాయంత్రం పిల్ల మాత్రను బ్లేడుతో రెండు చేసింది. పరదాలక్క అరముక్కను నాలుక మీద పెట్టుకుంది. గొంతులో ఇంకా రక్తం ఉప్పగా ఉంది. ఆ ఉప్పదనం మీదుగానే నీళ్లు తాగి మింగింది. భర్త గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అయ్యిందా అని అడిగాడు. అయ్యిందంది.

అంతటితో భయం తీరిందని ఎవరన్నారు? ఉబ్బిన కాలు గది మూలలో ఉంది, ఎర్రటి సింకు కళ్లలో ఉంది. రెంటిలో ఏది ముందు వస్తుందో ఆ మూడురోజులూ తెలియదు. తరువాతా తెలియదు. లేచి వరండాలోకి వెళ్లింది. వాన చినుకులు పడుతున్నాయి. ఈ చివర నుంచి ఆ చివరికి నడక మొదలుపెట్టింది. వెనకాలే ఇంకెవరో అడుగు వేస్తున్నట్టు వినిపించింది, ఒక కాలు ఈడుస్తూ. ఎవరూ మంచం దిగనివ్వని మనిషి నడక అది. పరదాలక్క వెనక్కి తిరగలేదు. అడుగు కొంచెం నెమ్మది చేసింది, వెనక వచ్చేవాళ్లు అందుకోవాలని.